ఐసులో వచ్చిన ముక్కలు

2004 వేసవిలో ఏలూరులోని ఒక ప్రైవేటు ల్యాబులో పాథాలజిస్టుగా చేరాను. పాథాలజిస్టంటే రోగి ముఖం చూడని డాక్టరు. సర్జను తీసి పంపిన ముక్కని మైనంలో పొదిగించి, ఉల్లిపొర కన్నా పల్చగా కోయించి, రంగు వేయించి, మైక్రోస్కోపు కింద చూసి అదేం జబ్బో చెప్పాలి. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళ సర్వీసుంది, దానికి రెండింతలు పొగరుంది.

ఆ ఆగస్టులో తాడేపల్లిగూడెం నుంచి ఒక యూరాలజిస్టు మూత్రాశయం ముక్కలు పంపారు. రోగి పేరు దేవదానం. కైకలూరు దగ్గర చేపల చెరువులకి మేత వేసే మనిషి, చుట్ట అలవాటు, మూత్రంలో రక్తం. ముక్కలు తెచ్చింది అతని బావమరిది ఏసుపాదం. కైకలూరులో ఐసు కొట్టు నడుపుతాడు.

ముక్కలు ఫార్మలిన్‌లో రావాలి. కణాల్ని ఉన్నవున్నట్టు నిలబెట్టే మందునీళ్ళవి. ఏసుపాదం తెచ్చిన సీసాలో ఫార్మలిన్ చుక్క లేదు, కరుగుతున్న ఐసు ఉంది. బస్సులో మూత వదులై సగం ఒలికిందట. ఆ ఘాటుకి పక్కవాళ్ళు గోల పెడితే మిగిలింది కిటికీలోంచి పారబోశాడట. ఆ సాయంత్రం చెరువులో చేపల పట్టుబడి ఉందని ముందు కైకలూరు పోయి, ముక్కలు చెడిపోకూడదని సీసా నిండా ఐసు కూరి, చేపల పెట్టెలో పెట్టుకుని మర్నాడు తెచ్చాడు. వాళ్ళ ఊళ్ళో ఏది చెడిపోకుండా ఉండాలన్నా ఐసే గతి.

నేను అంతెత్తున లేచాను. "ఇదేమన్నా బొచ్చె చేపనుకున్నావా? బుద్ధుందా నీకు?" అని నలుగురి ముందు కేకలేశాను. నాకన్నా పెద్దవాణ్ణి పట్టుకుని నువ్వన్నాను. ముక్కూమొహం తెలీనివాళ్ళని కూడా అండీ అని పిలిచే ఊరు మాది.

అతను చేతులు కట్టుకుని, "తెలీక చేశానండి. మా బావకి మళ్ళీ ఆపరేషను లేకుండా చూడండి డాక్టరుగారూ. మా అక్క తట్టుకోలేదండి" అన్నాడు.

మూత్రాశయం లోపలి పొర మీద పెరిగే కంతిని రెండు రకాలుగా తూకం వేస్తాం. కణాల తీరు ఎంత చెడింది అన్నది మొదటిది. ఆ రోజుల్లోనే పాత మూడు మెట్ల లెక్క పోయి లో గ్రేడ్, హై గ్రేడ్ అనే రెండు తరగతులు వాడుకలోకి వస్తున్నాయి. ఎంత లోతుకి పాకింది అన్నది రెండోది. పొర కింద మెత్తటి కణజాలం, దాని కింద కండరం ఉంటాయి. కండరం తాకకపోతే పైపైన గీకి, మూడు నెలలకోసారి లోపలికి గొట్టం వేసి చూస్తే చాలు. కండరంలో దిగితే సాధారణంగా మూత్రాశయమే తీసేయాలి. రోగి బతుకంతా ఆ ఒక్క గీత మీద ఉంటుంది.

దేవదానం స్లైడులో పైముక్కలు ఏదో చదవడానికి పనికొచ్చాయి. కింద నుంచి తీసినవి ఐసునీళ్ళలో నాని, కణాలు పగిలి ముద్దయిపోయాయి. అందులో కండరం ఏదో, కంతి ఏదో దేవుడికెరుక.

"లోతు చెప్పలేను, మళ్ళీ తీసి పంపండి" అని రాయాలి. రాయలేదు. ఏసుపాదం మాటకి జాలిపడ్డాననుకున్నాను. జాలీ కాదు, పాడూ కాదు. యూరాలజిస్టు ముందు నాకు తెలియలేదని ఒప్పుకోవడం నామోషీ అనిపించింది. "లో గ్రేడ్. కండరంలోకి పాకలేదు" అని టైపు చేయించి సంతకం పెట్టాను. ముక్కలు ఐసులో వచ్చాయన్న సంగతి కూడా రిపోర్టులో రాయలేదు.

మూడు నెలలకి గొట్టం వేసి చూస్తే పైన నున్నగానే ఉందట. ఏడో నెలలో మళ్ళీ రక్తం పడింది, మళ్ళీ ముక్కలు తీశారు. ఈసారీ ఏసుపాదమే తెచ్చాడు. సీసా మూతకి చుట్టూ టేపు, లోపల నిండుగా ఫార్మలిన్.

స్లైడు చూడటానికి రెండు నిమిషాలు పట్టలేదు. హై గ్రేడ్, కండరం నిండా ఉంది. పాత స్లైడు తీసి పక్కన పెట్టుకున్నాను. నాకు కనపడనిదాన్ని చూశానని రాసిన సంతకం నాదే.

రిపోర్టు తీసుకోవడానికి వచ్చినప్పుడు ఏసుపాదం నా గది గుమ్మం దగ్గరే ఆగాడు. "ఈసారి ఐసు పెట్టలేదండి. అప్పుడు నేను ఐసు పెట్టబట్టే తేడా వచ్చిందని మా అక్క నాతో మాట్లాడటం మానేసిందండి. నిజమేనాండి?"

ఐసు పెట్టింది అతనే. కానీ ముక్క పాడైందని ఆ రోజే నాకు తెలుసు. ఆ మాట చెప్పడానికి అరనిమిషం చాలు. నేను లేచి నిలబడి, "అయిందేదో అయింది లెండి. మీరు కావాలని చేశారా?" అన్నాను. అతన్ని మీరు అనడం అదే మొదటిసారి. అతను నాకు దణ్ణం పెట్టి వెళ్ళాడు.

దేవదానానికి విజయవాడలో మూత్రాశయం తీశారు. జబ్బు అప్పటికే బయటికి పాకింది. ఏడాది తిరక్కుండా పోయాడు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా మూత్రాశయం రిపోర్టుల్లో మొదటి వాక్యం ఒకటే రాశాను: ముక్కలో కండరం ఉందో, లేదో, ఉన్నా చదవడానికి పనికొస్తుందో లేదో. పనికిరానప్పుడు "చెప్పలేను" అని రాసి మళ్ళీ పంపమన్నాను. అలా రాసినందుకు ఏ సర్జనూ నన్ను తక్కువ చేయలేదు. ఏలూరు నుంచి కైకలూరు బస్సులో గంటన్నర. ఏసుపాదం దగ్గరికి వెళ్ళి, ముక్క పాడైందని తెలిసీ ఆ రిపోర్టు రాసింది నేనేనని, ఆ మాట మీ అక్కకి చెప్పండని చెప్పాల్సింది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆ బస్సెక్కలేదు.