నాయనమ్మ రాయి దాకా నాగటి చాలు

నా చిన్నప్పుడు మా చిన్నత్త పెళ్లి చేలో చెయ్యాలని మా తాతయ్య పట్టుబట్టాడు. ఇప్పుడంటే చేలో పెళ్లి ఒక ముచ్చట. అప్పట్లో ఆ మాట అన్నవాణ్ణి పిచ్చివాడి కింద జమకట్టేవాళ్లు. ఇంటి ముందు నాలుగు కొబ్బరాకులు కప్పుకుని పందిరి వేసుకోవడం చేతగాక, ఊరికంత దూరాన నల్లరేగడిలో పెళ్లేమిటని చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నారు. పైగా ఎండాకాలం. రెంటచింతల వైపు ఎండలు ఎలా ఉంటాయో పడ్డవాళ్లకే తెలుసు.

తాతయ్య ఊరికే పట్టుబట్టలేదు. మా నాయనమ్మ చిన్నత్తను కన్న పురిట్లోనే పోయింది. మా వాళ్లలో పోయినవాళ్లను సొంత చేలోనే మట్టి చేసే ఆనవాయితీ ఉంది. తూర్పు గట్టు పక్కన ఆమెను పెట్టి, పైన ఒక నాపరాయి పరిచారు. చిన్నత్తకు అమ్మంటే ఆ రాయే. పత్తి తియ్యడానికి పోయినా, కలుపు తియ్యడానికి పోయినా ముందు ఆ రాయిని కొంగుతో తుడిచి గానీ పనిలోకి దిగేది కాదు. నోరు తెరిచి ఏమీ అడగని మనిషి, సంబంధం ఖాయమయ్యాక ఒకే ఒక్కటి అడిగింది.

"మా అమ్మ ముందర తాళి కట్టించు నాయనా. ఇంకేం వద్దు."

ఇంకో ఏడాది ఆగితే ఆ ముచ్చటా తీరేది కాదు. సర్వే వాళ్లు అప్పటికే వచ్చి చేలో గుర్తురాళ్లు పాతిపోయారు. పెద్ద కాలువ సరిగ్గా మా తూర్పు గట్టు మీదుగా పోతుందట. ఊరు ఊరంతా సంబరపడింది. తరతరాలుగా మబ్బుల వంక చూసి బతికినవాళ్లు, సంబరపడక ఏం చేస్తారు? తాతయ్య కూడా ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. నాయనమ్మను తీసి వేరేచోట పెట్టుకోరాదా అని ఎవరో సలహా ఇస్తే మాత్రం, "ఇన్నేళ్లకి తియ్యటానికి ఏముంటదిరా? అంతా మట్టే గదా" అని తువ్వాలు దులుపుకుని లేచిపోయాడు.

పెళ్లి ముందు రోజు మధ్యాహ్నం మగపెళ్లివారి బండ్లు దిగాయి. చేలో పందిరి చూపించమన్నారు. పెళ్లికొడుకు పెదనాన్నది పెత్తనమంతా. ఆయన పందిరి చుట్టూ ఒక తిరుగు తిరిగి, పసుపు రాసి పూలు పెట్టి ఉన్న రాయి దగ్గర ఆగాడు. అదేమిటో ఎవరూ చెప్పక్కరలేదు.

"ఏంది బావా ఇది? సమాధి ముందర తాళి కట్టమంటావా మా పిల్లోణ్ణి? పందిరి ఇంటికాడికన్నా మార్చు, లేదంటే బండ్లు ఇట్నుంచి ఇటే తిప్పుకుంటాం."

మా తాతయ్య నోరు అంతా ఇంతా కాదు. గట్టు తగాదాల్లో ఆయన గొంతు పక్క ఊరికి వినపడేది. ఇక చూడండి, ఇప్పుడు వీళ్ల పని అయిపోయిందనుకున్నాను. ఆయనేమో ఆ మనిషి ముఖంలోకి చూసి, "సరే బావా, ఇంటికాడే చేద్దాం" అన్నాడు. నాకు ఆయన మీద ఎంత కోపం వచ్చిందో! ఇంటికి వచ్చి చెబితే చిన్నత్త ఏడ్వలేదు. పసుపు రాసిన చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని గోడ వంక చూస్తూ కూర్చుంది. ఏడ్చినా బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ సాయంత్రం తాతయ్య బండి మీద నీళ్ల పీపా ఎక్కించాడు. తాగడానికే నీళ్లు లేని రోజులు, పెళ్లివారి స్నానాలకని మైళ్ల అవతల నుంచి తెప్పించిన నీళ్లు. నన్ను కూడా ఎక్కమన్నాడు. చేలోకి పోయి, బోసిగా నిలబడ్డ పందిట్లో నుంచి రాయి దాకా ఒక దారి మేర ఆ నీళ్లు కడవలతో పోశాడు. నెర్రెలిచ్చిన రేగడి ఎంత పోసినా తాగేస్తూనే ఉంది. ఎందుకు తాతయ్యా అంటే, "మీ అత్త నడిచొచ్చే దారమ్మా, గట్టిగుంటే కాళ్లు నొచ్చుతయ్" అన్నాడు. పెళ్లి ఇంటి దగ్గరైతే అత్త ఇక్కడికెందుకు వస్తుందో నాకు అంతు చిక్కలేదు. ముసలాయనకు మతి చలించిందనుకున్నాను.

తెల్లారి ఇంటి ముందు తాళి కట్టించారు. చిన్నత్త తల ఎత్తలేదు. మా వైపు రైతుల పెళ్లిళ్లలో తాళి అయ్యాక ఒక ముచ్చట ఉంటుంది. పెళ్లికొడుకు పందిట్లో నాగలి పట్టి దున్నినట్టు నాలుగు గీతలు గీస్తాడు, పెళ్లికూతురు అతనికి ముంతతో అంబలి తెస్తుంది. అందరూ నవ్వుకుంటారు, అంతే. పెళ్లి చేయించే అయ్యగారు నాగలి తెమ్మన్నాడు. అప్పుడు తాతయ్య పెళ్లికొడుకు పెదనాన్న వంక తిరిగి, అందరికీ వినపడేట్టు, "వాకిట్లో గీతలు గీసి దున్నాననిపించుకోవటం దేనికిలే బావా. వదిలేద్దాం. మీవోడికి నాగలి మేడి పట్టటం అలవాటు లేదేమో" అన్నాడు.

పల్నాడు రైతును ఏ మాటైనా అనండి గానీ వాళ్ల పిల్లాడికి దున్నడం రాదని మాత్రం అనకూడదు. పెదనాన్నకు ఎక్కడ లేని రోషం పొడుచుకొచ్చింది.

"మావోడికి దున్నటం రాదా? ఏదీ, ఏ చేను? పదండి, కట్టండి ఎడ్లని!"

ఎడ్లు అప్పటికే చేలో కట్టి ఉన్నాయి. నాగటి కర్రు తూర్పుకు తిరిగి ఉంది. బాజాలతో సహా అందరం వెళ్లాం. పెళ్లికొడుకు పంచె ఎగ్గట్టి మేడి పట్టాడు. అంత ఎండలోనూ నాగలి మెత్తగా దిగింది. నిన్న ఆ నీళ్లెందుకు పోశాడో నాకప్పుడు తెలిసింది. చాలు తిన్నగా సాగి సాగి నాయనమ్మ రాయి దగ్గర ఆగింది. పెదనాన్న ముఖం మాడిపోయింది. కానీ పదిమందిలో తనే పదమన్నాడు, ఇప్పుడేమంటాడు? వెనకే అంబలి ముంతతో చిన్నత్త నడిచి వచ్చింది. మెడలో పచ్చటి పసుపుతాడు. రాయి ముందు కూర్చుని కొంగుతో దాన్ని తుడిచి, మొదటి దోసెడు అంబలి దాని మీద పోసి, "అమ్మా, నేనే" అంది. మిగిలింది మొగుడికి ఇచ్చింది. ఆ పిల్లాడు మారుమాట లేకుండా రాయికి దణ్ణం పెట్టి తాగాడు. అతని మంచితనం అదొక్కటి చాలు.

పెళ్లిలో పాలికల్లో మొలకెత్తించిన ధాన్యాన్ని పారే నీళ్లలో కలపాలి. మా ఊళ్లో పారే నీళ్లెక్కడివి? తాతయ్య ఆ మొలకలు తెచ్చి రాయి పక్కన చాల్లో పెట్టి మట్టి కప్పాడు. అయ్యగారు అభ్యంతరం చెబితే, "నీళ్లు ఇక్కడికే వస్తన్నయ్ గదయ్యా" అన్నాడు.

వచ్చాయి. చాలు ఆనవాలు చెరగకముందే తవ్వకం వచ్చింది, మట్టితో పాటు రాయీ పోయింది. కాలువకు నీళ్లు వదిలిన రోజు ఊరంతా కొబ్బరికాయలు కొట్టింది. తాతయ్య చిన్నత్తను పిలిపించి గట్టు మీద పక్కన కూర్చోబెట్టుకుని, "మొలకలు నీళ్లల్లో కలిసినయ్ లేమ్మా" అన్నాడు. అప్పుడేడ్చింది చిన్నత్త. అంత ఏడుపు నేను మళ్లీ ఎవరి దగ్గరా వినలేదు. ఆయన చేనును కాపాడుకోలేకపోయాడు, రాయిని కాపాడుకోలేకపోయాడు, కూతురికిచ్చిన మాట కూడా సగమే నిలబెట్టుకున్నాడు. పెద్దవాళ్లంటే అన్నీ చెయ్యగలరనుకునేదాన్ని. పోయేది పోతూనే ఉంటుందని, దాని దాకా ఒక్క చాలు వేసి మనిషిని నడిపించుకుపోవడమే మన చేతిలో ఉందని ఆయన వల్లే తెలిసింది. ఇంత వయసొచ్చినా ఆ తెలివి నాకేమీ ఓదార్పు ఇవ్వలేదు.

ఇప్పుడు నా మనవరాలు పెళ్లి మన చేలోనే చేసుకుంటానంటోంది. కాలువ గట్టుకు ఇవతల మిగిలిన చేలో మా నాన్న నాకు రాసిచ్చిన ముక్క అది. దాని తల్లి, నా కూతురు, జబ్బు చేసి పోయింది. దహనం చేసి బూడిద కృష్ణలో కలిపాం. "అమ్మమ్మా, కాలవ వెనకమాల పడేటట్టు స్టేజీ కట్టిద్దాం, ఫోటోలు చానా బాగొస్తయ్" అని ఫోన్‌లో బొమ్మలు చూపించింది. పందిట్లో పెట్టడానికి థర్మాకోల్ నాగలి కూడా దొరుకుతుందట. ఒళ్లు మండి, కాలువ ఎక్కడ తవ్వారో, చాలు ఎక్కడ ఆగిందో మొత్తం చెప్పేశాను.

అది ఫోన్ పక్కన పెట్టి, "మరి నేను అమ్మకి అంబలి యాడ పొయ్యాలే అమ్మమ్మా?" అనడిగింది.

అంబలికని జొన్నపిండి పట్టించి ఉంచాను.