కంధార్ గొంగడి, నేను దాచిన మాట

మా చిన్నప్పుడు గొంగడి నేయించాలంటే కంధారే పోవాలనేవాడు తాత... మరాఠీ సీమలో ఉమ్రి దగ్గరి మా ఊరి నుంచి సొంత గొర్రెల ఉన్ని మూటగట్టుకుని, బస్సులు మారి వెళ్లేవాళ్లం. పాత కోట, పెద్ద చెరువు, చెరువు వైపు వాకిలి ఉన్న ఇంట్లో మల్హారి కాక మగ్గం...

నేసిన గొంగడికి కాక చింతగింజల గంజి పట్టించేవాడు. ఆ గంజి ఉంటేనే వాన లోపలికి దిగదు.

"వానకాలం అయ్యేదాంక నీళ్లల్ల ముంచకుండ్రి దాదా," అని ఒక ఏడు కాక మరీ మరీ చెప్పి ఇచ్చాడు. నేనూ విన్నాను... కానీ ఆ గంజి పులిసిన వాసన! తాత పక్కన పడుకోలేకపోయేదాన్ని.

తాత సంతకు పోయిన రోజు దాన్ని వాగుకు ఈడ్చుకుపోయి ఉతికేశాను. మండుటెండకు సాయంత్రానికల్లా ఆరింది. మడిచి, ఉన్నచోటే పెట్టాను. తాతకు మేలు చేశాననుకున్నాను, ఎనిమిదేళ్ల బుద్ధి మరి!

మొదటి వానకే తాత గొర్రెల దగ్గర తడిసి ముద్దయ్యాడు. మర్నాడే నన్నూ, గొంగడినీ తీసుకుని కంధార్ పోయాడు.

"గంజి ఎయ్యకుండనే ఇచ్చినవ్! నా ఉన్ని అంత ఖరాబ్ జేసినవ్!" బజారంతా వినేట్టు అరిచాడు.

కాక గొంగడిని వేళ్లతో నలిపి, వాసన చూశాడు. "ఎవలో ఉతికిండ్రు దాదా."

"మా ఇంట్ల ఎవలు ఉతుకుతరు? గీ పోరిని అడుగు!"

కాక నా వైపు చూశాడు. నేను దొంగకు తేలు కుట్టినట్టు చెరువు వైపు తిరిగాను... ఆయనకు అర్థమైపోయింది.

"పోనీ దాదా... గలతి నాదే," అన్నాడు మెల్లగా.

తాత ఆ మాట ప్రతి సంతలోనూ చెప్పాడు. మా వైపు వాళ్లెవరూ మళ్లీ ఆయనకు ఉన్ని ఇవ్వలేదు. కొన్నాళ్లకు కాక మగ్గం పీకేసి, రోడ్డు పనిలో కంకర కొట్టడానికి పోయాడని విన్నాం. తాత చనిపోయేదాకా ఆయన్ను తిడుతూనే ఉన్నాడు. అప్పుడూ నేను నోరు విప్పలేదు.

మొన్న కంధార్ వెళ్లాను. చెరువు అలాగే ఉంది. మగ్గం గుంట పూడ్చి, పైన సిమెంటు చేశారు. మల్హారి కాక గురించి అడిగితే "పోయి శానేండ్లాయె," అన్నాడొక ముసలాయన. "గంజి ఎయ్యకుండ మోసం జేసేటోడట గద!"

అక్కడే చెప్పేశాను, ఉతికింది నేనని. ఆయన నవ్వి, "ఇప్పుడు జెప్తె ఏం లాభం తల్లీ?" అన్నాడు.

మీ తప్పు మోసినవాళ్లు ఎవరైనా ఇంకా బతికుంటే, ఇవాళే వెళ్లి చెప్పండి... చెప్పాక వాళ్లేమన్నారో ఇక్కడ రాయండి. నేనైతే అది ఎప్పటికీ వినలేను.