దొంగ ఒక్కపొద్దుతో రుద్రూర్ ప్రయాణం

నిజామాబాద్ నుంచి రుద్రూర్ నలభై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఆ కాస్త దూరం పోవడానికి నాకు చాలా నెలలు పట్టింది. అడ్డం పడింది రోడ్డు కాదు, నా కడుపు. తిన్న అరగంటకు మెలిపెట్టే నొప్పి, ఉబ్బరం, వెంటనే పరుగు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టర్ గారు ఐబీఎస్ అని తేల్చారు. ప్రాణభయం లేదు గానీ తిండినీ, నిద్రనూ దారిలో పెట్టుకోవాలన్నారు. ఆరు వారాలు ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, పాలు, గోధుమ, పప్పులు బంద్. ఆ తర్వాత ఒక్కొక్కటే మళ్లీ తిని చూసి, ఏది పడుతుందో ఏది పడదో నోటుబుక్కులో రాసుకోవాలి. చాయ్ రోజుకు ఒక్కటే, పొద్దున నడక, రాత్రి పదికల్లా పడక. నాలుగు వారాలకే నా కడుపు నా మాట కాస్త వినడం మొదలుపెట్టింది. నాలాంటి కడుపుతో ఆ దారిన పోవాలనుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇందులో నేను గొప్పగా చెప్పుకునేదేమీ లేదు.

మా అక్కది రుద్రూర్ పక్కన చెరుకు పండించే ఊరు. పోయిన దసరాకు వాళ్లింట్లో నేను ఐదుసార్లు పెరట్లోకి పరుగెత్తడం చూసి, చుట్టాల్లో ఒకాయన "చెంబు చేతికి అతుక్కున్నదా ఏంది?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ తర్వాత అక్క మూడుసార్లు పిలిచినా పోలేదు. నాలుగోసారి ఫోన్లో "మా ఇంట్ల బువ్వ తినబుద్ధి అయితలేదా తమ్మీ?" అంది. అప్పటికి ఆహార నియమం మొదలుపెట్టి రెండు రోజులే అయింది. కడుపు సంగతి చెప్పడానికి నోరు రాలేదు. "ఐదు శనివారాలు ఒక్కపొద్దు మొక్కిన అక్కా" అన్నాను. ఒక్కపూటే తిని ఉపవాసముండే ఒక్కపొద్దు మనిషికి ఉల్లీ ఎల్లీ ఎవరూ పెట్టరు, ఎందుకని అడగరు. దేనికి మొక్కావని అడిగితే, చెప్తే ఫలించదన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అబద్ధం నిలవాలంటే శనివారమే పోవాలి. నాలుగో శనివారం పొద్దున ఏడుంబావుకు నిజామాబాద్ బస్టాండ్‌లో బోధన్ బస్సెక్కాను. యాభై రూపాయల లోపే టికెట్, గంట ప్రయాణం. ఎక్కే ముందు మరుగుదొడ్డికి రెండుసార్లు పోయాను, తలుపు పక్క సీటు పట్టుకున్నాను. సంచిలో స్టీలు డబ్బా ఉంది. అందులో అన్నం, బీరకాయ కూర, ఒక ఉడికించిన గుడ్డు. అవసరమైతే ఎవరూ చూడని చోట తినేయాలని నా ప్లాను. ఎడపల్లి దాటాక చెరుకు ట్రాక్టర్ ఒకటి ముందు పడి, బస్సు నత్తలా నడిచింది.

బోధన్‌లో రుద్రూర్ ఆటోలు సీట్లు నిండితే గానీ కదలవు. నేను అరగంట కూర్చున్నాను. మనిషికి నలభై. "నడుమ ఎక్కడన్న ఆపుతరా అన్నా?" అని డ్రైవర్‌ను అడిగాను.

"దిగేటోళ్లుంటె ఆపుత. నీకేమన్న పనున్నదా?"

"ఏం లేదు, ఉత్తగనే" అన్నాను. ఇదీ అబద్ధమే. దారి పొడుగునా రెండు పక్కలా చెరుకు, నడుమ నడుమ వరి. చూడముచ్చటైన దారే గానీ, నేను చూసిందల్లా ఎక్కడ దిగితే చాటు దొరుకుతుందనే.

రుద్రూర్‌లో దిగి, నడిచి పదింటికి అక్క ఇల్లు చేరాను. పెరట్లో పొయ్యి మీద సగ్గుబియ్యం ఉడుకుతోంది. పక్కన దొడ్డు గోధుమరవ్వ. ఒక్కపొద్దు వంటల్లో ఉల్లి ఉండదని లెక్క వేసుకున్నానే గానీ, పాలూ గోధుమరవ్వా ఉంటాయని తట్టనే లేదు. ఒంటిగంటకు అక్క స్నానం చేసి, దీపం ముట్టించి, విస్తరాకులు రెండు పరిచింది. బావ పొలంలో ఉన్నాడు. రెండో ఆకు ఎవరికని అడిగాను.

"నాకే. నువ్వు పట్టినవని తెలిసిన కాడి నుంచి నేను గూడ పడుతున్న. దేనికో నువ్వు చెప్పలే, నేను అడుగలే. ఇద్దరం పడితె దేవునికి జల్ది ముడుతది గదా."

నాలుగు శనివారాలు. చెరుకు కోతల రోజులు, ఆమె పొద్దున్నుంచి పొలంలో ఉండే మనిషి. "మొన్నటి వారం కట్టలు మోస్తుంటె జర కండ్లు తిరిగినయ్. ఏం కాదు తియ్" అంటూ బర్రెపాల పాయసం వడ్డించింది. ఆ మాట విన్నాక వద్దనడానికి నాకు ముఖం ఎక్కడిది? రవ్వ ఉప్మా తిన్నాను, పాయసం రెండుసార్లు పోయించుకున్నాను.

అరగంట కాకముందే కడుపు లెక్క అడిగింది. మరుగుదొడ్డి ఎదుట నల్లా దగ్గర కోత కూలీలు చేతులు కడుక్కుంటున్నారు. వాళ్ల నడుమ నుంచి తలదించుకుని పోయాను, వచ్చాను, మళ్లీ పోయాను. మూడోసారి తిరిగి వచ్చేసరికి అక్క అరుగు మీద కూర్చుని ఉంది. ఒడిలో నా స్టీలు డబ్బా, పక్కన పళ్లెంలో కొత్త బెల్లం. మా వైపు ఆడబిడ్డ ఇంటికి వచ్చిన డబ్బా ఖాళీగా తిరిగిపోకూడదు. నా సంచిలో డబ్బా కనబడగానే బెల్లం నింపుదామని మూత తీసిందట.

"ఒక్కపొద్దు మనిషి డబ్బల గుడ్డేందిరా?"

చెప్పాను. డాక్టర్, నోటుబుక్కు, దసరా నాటి చెంబు మాట, అన్నీ. మొక్కు లేదని కూడా చెప్పాను. ఆమె ముఖం వైపు చూడలేక గుడ్డు వైపు చూస్తూ చెప్పాను. అక్క డబ్బాకు మూత పెట్టి పక్కన పెట్టింది.

"కడుపు సంగతి నాకు చెప్పనీకె సిగ్గైందా? దేవుని పేరు మీద అబద్ధమాడనీకె కాలేదా?" అంది. "చిన్నప్పుడు నీకు కడిగింది ఎవ్వరనుకున్నవ్? అవ్వ పనికి పోతె నేనే గదా."

నేను భూమిలోకి కుంగిపోయాను. ఐదో వారం ఇక పట్టొద్దని బతిమాలాను. "నువ్వు ఉత్తగ మొక్కినవ్. నేను నిజంగనే మొక్కిన. పట్టినంక నడుమ ఇడుస్తరా?" అని లేచింది. పొయ్యి మీద అన్నానికి ఎసరు పెడుతూ "ఏమేం పడయో ఒక్కొక్కటి చెప్పు. ముందుగాల బెల్లం సంగతి చెప్పు" అంది. ఇంకా తిని చూడలేదన్నాను. డబ్బాలో ఉల్లి లేని వంకాయ కూర, వేడి అన్నం నింపింది. బెల్లం వేరే పొట్లం కట్టి, నోటుబుక్కులో దాని వంతు వచ్చినప్పుడు తినమంది.

నాలుగింటికి రుద్రూర్‌లో మళ్లీ అదే ఆటో. ఈసారి "అన్నా, నాకు కడుపు బాగలేదు. ఆపమంటె ఆపాలె" అన్నాను. ఆటోలో ఇద్దరు ఆడవాళ్లున్నారు. వాళ్లు తల కూడా తిప్పలేదు.

"గంతే గదా. ముందర నా పక్కకు కూసో, నీళ్ల సీస గీడ్నే ఉన్నది" అన్నాడు డ్రైవర్. బోధన్ దాకా ఆపాల్సిన అవసరం రాలేదు.

నెలల తరబడి నేను దాచింది ఎవరూ వినలేని సంగతేమీ కాదని ఆ ఆటోలో అర్థమైంది. కడుపు సంగతి బయటపడితే చుట్టాలు ఒక పూట నవ్వి మరిచిపోతారు. దాచినందుకు పడే సిగ్గు మాత్రం నన్ను వదలడం లేదు, వదలాలని నేనూ అనుకోవడం లేదు. అందుకే దారి గురించి నా సలహా ఒక్కటే. శుభ్రమైన మరుగుదొడ్డి బోధన్ బస్టాండ్‌లో ఉందా, రుద్రూర్‌లో ఉందా అని వెతకడం తర్వాత. బయలుదేరే ముందు రోజే మీకు వండిపెట్టే మనిషికి ఫోన్ చేసి, ఏది పడదో పేరుపేరునా చెప్పండి. ఇది రాస్తున్నది ఐదో శనివారం పగలు పదకొండింటికి. నేను అన్నం, బీరకాయ తిని కూర్చున్నాను. అక్క పొద్దున్నుంచి ఏమీ ముట్టకుండా చెరుకులో ఉంది.