ఐదువందల పది

మైపాడుకు దగ్గరి ఒక పల్లె బడిలో నేనొక్కణ్ణే అయ్యవారిని. అక్కడికి వచ్చి ఏడాదైనా, బడి వదిలాక నన్ను పలకరించేవాళ్ళు లేరు. నేనూ ఎవరినీ పలకరించలేదు.

ఒక శనివారం నెల్లూరు బస్సులో కూర్చుని మూడో తరగతి కాగితాలు దిద్దుతున్నాను. పెద్ద పరీక్షకు ఇంక పది రోజులే ఉన్నాయి. గంపకు వంద చేపలైతే ఐదు గంపలకు ఎన్ని అన్న లెక్కకు నలుగురు పిల్లలు ఐదువందల పది అని రాశారు. నలుగురిదీ ఒకే తప్పు. చూసి రాశారని ఒళ్ళు మండి, ఎర్ర పెన్సిల్‌తో కాగితం చిరిగేట్టు కొట్టేశాను.

పక్కన ఖాళీ చేపల గంప ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ముసలామె, "ఏందయ్యోరా, అంత కోపం?" అంది. సంగతి చెప్పాను.

ఆమె నవ్వింది. "వందకి రెండు కొసరు ఏస్తాం గదయ్యా మేము! ఐదు గంపలకి పది. బిడ్డలు బాగానే లెక్కేసినారే. ఎట్ట చేసినారని నువ్వు అడిగినావా?"

నేను అడగలేదు. ఆమె దారిలో ఎక్కడో దిగిపోయింది. మళ్ళీ కనిపించలేదు.

ఆ తర్వాత పెద్ద పరీక్ష దాకా రోజూ ఒక తప్పు లెక్కను బోర్డు మీద వేసి, అది ఎట్లా వచ్చిందో పిల్లలచేతే చెప్పించాను. అమ్మకంలో కొసరు ఉంటుంది, పరీక్షలో ఉండదు అన్నది వాళ్ళే తేల్చారు.

మొదట అడిగింది ఆ సోమవారం, ఆ నలుగురినే. బెత్తం వైపు చూస్తూ మొదలుపెట్టి, కాసేపటికి నలుగురూ ఒకేసారి చెప్పసాగారు. బడి వదిలి చాలాసేపయినా వాళ్ళు ఇంటికి పోలేదు. పొమ్మని నేనూ అనలేదు.