పర్టర్బ్డ్ అంటే ఏం రోగం?

పొద్దున మా మనవరాలు ఫోన్ చూస్తూ, "పర్టర్బ్డ్ అంటే ఏంటి నానమ్మా?" అని అడిగింది. చప్పున మా తాండూరు ఇల్లు, కాళ్లకు చల్లగా తగిలే ఆ నాపరాళ్ల నేల గుర్తొచ్చాయి.

మీకూ గుర్తుందా, ఆ రోజుల్లో ఇంగ్లీషు ఉత్తరం వస్తే ఇల్లంతా ఎంత హడలిపోయేదో? వికారాబాద్ హాస్టల్లో చదువుకుంటున్న మా అక్క గురించి ఓసారి వార్డెనమ్మ అలాంటి ఉత్తరమే రాసింది. నాన్నకు ఉర్దూ తప్ప చదవడం రాదు. పక్కింటి కాంపౌండరు చదివి, "మీ బిడ్డ పర్టర్బ్డ్ ఉన్నదట" అని ఆగిపోయాడు.

"గదేం రోగమయ్యా?" అంది అమ్మ.

"గీ పేరు నేనెన్నడు ఇనలే" అన్నాడు కాంపౌండరు.

అమ్మ పొయ్యి ఆర్పేసి, నన్ను తీసుకుని రైలెక్కింది. ఆ రోగం ఒంట్లో ఎక్కడ పుడుతుందో, ముట్టుకుంటే నాకూ అంటుకుంటుందో ఏమో అని దారంతా ఒకటే ఆలోచన.

హాస్టల్‌కు చేరగానే అమ్మ అదే అడిగితే, "రోగం కాదమ్మా, మనసు పరేషాన్‌గా ఉండడం" అంది వార్డెనమ్మ. "సరిగా తింటలేదు. ఎందుకంటే చెప్పదు."

"గట్లనే రాస్తే అయిపోవు గద!" అని అమ్మ అక్క వైపు తిరిగింది. "ఏమైంది బిడ్డా?"

"నేనీడికొచ్చిన్నాడు నువ్వు జరంతోని పండుకున్నవు. మల్ల ఒక్క ఉత్తరం రాలె" అంటూ అక్క ఏడ్చేసింది.

అమ్మ అక్క చేతిని తీసుకుని తన నుదుటి మీద పెట్టుకుంది.

"సూడు, సల్లగుంది."

అక్క చాలాసేపు ఆ చెయ్యి తీయలేదు.