సాకు అనేదాకా

మొన్న ఉదయం పొయ్యి మీద పాలు విరిగిపోయాయి. గరిటె పెట్టి కలపబోతే అడుగు నుంచి తరకలు తరకలుగా పైకి లేచాయి. ఆ వెచ్చటి పులుపు వాసన వంటిల్లంతా కమ్ముకుంది. మా ఆయన పక్క గదిలోంచి "పోనీలే, పంచదార వేసి కోవా చెయ్" అన్నాడు. ఆయనకేం, తినడానికి ఏదైనా ఒకటే! నాకు మాత్రం ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, కొల్లాపూర్ దగ్గర ఒక ఊళ్ళో, రేకుల షెడ్డు ముందు, ఊరి రైతులందరి ఎదుట తల వంచుకుని నిలబడ్డ ఒక పిల్ల గుర్తొస్తుంది. ఆ పిల్లను నేనే. నా పక్కన నిలబడ్డ మనిషి వీరేశం సార్. ఆయన్ను మీరెవరూ చూసి ఉండరు. చూసినా గుర్తుపెట్టుకునే ఆకారం కాదు. బక్కపలుచని మనిషి, పొట్టి చేతుల చొక్కా, జేబులో ఎప్పుడూ సుద్దముక్క. కానీ దాదాపు ఇరవై ఏళ్ళుగా నేను తింటున్న అన్నం ఆయన నేర్పిన పనిది.

మాది నాగర్‌కర్నూల్ పక్కన వేరుశనగ పండించే ఇల్లు. డిగ్రీ అయ్యాక కంప్యూటర్ కోర్సు ఒకటి చేసి, వనపర్తిలో సార్ నడిపే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరాను. రెండువేల ఏడో ఎనిమిదో అనుకుంటాను. ఆఫీసంటే పెద్దగా ఊహించుకోకండి. ఎరువుల దుకాణం పైన మూడు గదులు, వేసవిలో యూరియా వాసన. సార్‌ది గద్వాల, మగ్గాల ఇల్లు. బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా వాళ్ళ నాన్న మగ్గం మీద పోగు ఆడించిన నాడెను పెట్టుకునేవారు. చేరిన మూడో రోజే నాకూ ఆయనకూ పేచీ వచ్చింది. ఇచ్చిన పని పూర్తి కాలేదు. కరెంటు పోయిందని, బస్సు ఆలస్యమైందని నేను గుక్క తిప్పుకోకుండా చెబుతుంటే ఆయన చెయ్యెత్తి "సాకు" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "సాకులు చెప్తలేను సార్! నిజంగనే కరెంటు పోయింది. కావాలంటే కింద దుకాణపాయనను అడుగున్రి!" అనేశాను. ఆయన తెల్లబోయి, తర్వాత పడీపడీ నవ్వారు.

"అయ్యో తల్లీ! సాకంటే మా దిక్కు 'చాలు' అని. రాయచూరు పక్కనే కద, కన్నడం నోట్లకొస్తది. నాకు సమజైంది, ఇగ చాలు అంటున్న, గంతే."

అప్పటి నుంచి ఆ మాట మా ఆఫీసులో గంట కొట్టినట్టయింది. సార్ ఏదైనా చెప్పడం మొదలుపెడితే మగ్గం దగ్గరో, బస్టాండు దగ్గరో ఎత్తుకుని, ఊరంతా తిరిగి, చివరికి మా కోడ్ దగ్గరికి వచ్చి "సాకు" అనేవారు. అప్పుడే మేం లేవాలి. మిగతావాళ్ళు బుద్ధిగా కూర్చునేవాళ్ళు. నేనా, కాలుగాలిన పిల్లిని. సగం వినగానే మిగతాది నాకు తెలిసిపోయినట్టే ఉండేది. చేతులు కీబోర్డు కోసం దురదపెట్టేవి.

ఆ ఏడు మాకొక పాల కంపెనీ పని దొరికింది. ఊళ్ళలో వాళ్ళ పాల కేంద్రాలు ఉండేవి. ప్రతి కేంద్రంలో ఒక కంప్యూటర్, పాలు చల్లబరిచే పెద్ద కూలర్, ఒక ఫోన్ లైను. రైతు తెచ్చిన పాలెన్ని, వెన్న శాతమెంత, కూలర్ చల్లదనమెంత, అన్నీ డేటాబేస్‌లోకి చేరాలి. కేంద్రంలోని ప్రోగ్రాముకూ ఆ డేటాబేస్‌కూ మధ్య మధ్యవర్తిలా నిలబడి మాటలు అందించే కోడ్ ఒకటి ఉంటుంది. దాన్ని డ్రైవర్ లైబ్రరీ అంటాం. అది సార్ స్వయంగా రాసినది. దానికి టెలిమెట్రీ జోడించడం నా వంతు. టెలిమెట్రీ అంటే ఏమీ లేదు, దూరాన ఉన్న యంత్రం తన క్షేమసమాచారాలు తానే వనపర్తికి ఫోన్ లైను మీద పంపుకోవడం. "నేను బాగున్నాను, కూలర్ బాగుంది, ఫలానా చోట తప్పు దొర్లింది" అని. నేను వారంలో రాసి పడేశాను. లైబ్రరీ డేటాబేస్‌తో కొత్త కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ, ఆ కబుర్లు మోసే వార్తాహరుడు కూడా ఒకడు కొత్తగా పుట్టేలా రాశాను. ప్రోగ్రామేమో ఒక్కో రైతుకు ఒక్కో కనెక్షన్ తెరుస్తుంది. అంటే ఎంతమంది రైతులొస్తే అంతమంది వార్తాహరులు, అందరికీ ఉన్నది ఒక్కటే ఫోను. ఆ సంగతి నా బుర్రకు తట్టలేదు.

తట్టించింది బాలమణి. కొల్లాపూర్ దిక్కున ఒక ఊరి పాల కేంద్రం ఆమెది. ఊళ్ళో పలుకుబడి ఉన్న ఒక పెద్దమనిషి అడ్డుపడినా, ఆడవాళ్ళందరినీ కూడగట్టి కొట్లాడి తెచ్చుకున్న కేంద్రం. పొద్దున్నే బయట ఎక్కడినుంచో ఫోన్ చేసింది. "ఏందమ్మా, నా ఫోను మీ కంప్యూటరే మింగుతుంది. ట్యాంకరోనికి ఫోన్ చేద్దామని ఎత్తితే కీచుమని ఒకటే మొత్తుకోలు. పాలు నేను నెత్తిన పెట్టుకొని రావాల్నా వనపర్తికి?" అంది. నేను నసిగాను. సార్ ఫోన్ అందుకుని "తప్పు మాదే అక్కా, జర ఓపిక పట్టు" అని పెట్టేసి, నన్ను కూర్చోమన్నారు.

"మా వాడల ఇరవై మగ్గాలుండె. ఒక్కొక్కలు ఒక్కో చీర పట్టుకొని హైదరాబాదు బస్సెక్కితే ఏమైతది? బస్సుల జనానికి చోటుంటదా? అందుకే అందరి చీరలు ఒక్కతాన మూటగట్టి, వంతుల ప్రకారం ఒక్కడే పోయెటోడు. వాన్ని మూటోడు అనెటోల్లం. మూట నిండినంకనే బయలెల్లాలె."

నాకు బుర్రలో దీపం వెలిగింది. ఇరవై మందికి ఒక్క మూటోడు! కనెక్షన్లు ఎన్నున్నా వార్తాహరుడు ఒక్కడే, అందరూ వాణ్ణే పంచుకోవాలి. కబురు వచ్చిన వెంటనే పంపకుండా యాభై పోగయ్యాక మూటగట్టి ఒకేసారి పంపాలి. "సమజైంది సార్!" అని లేచి నా కుర్చీలోకి ఉరికాను. సార్ ఇంకా సాకు అనలేదు. వెనకనుంచి "ఇనిపో తల్లీ, ఇంకా ఉంది" అన్నారు కూడా. ఎవరు వింటారు! నా వేళ్ళు అప్పటికే టకటకలాడుతున్నాయి.

పని అద్భుతంగా కుదిరింది. ఫోన్లు ఖాళీ అయ్యాయి. బాలమణి ఫోన్ చేసి "ఇప్పుడు నా ఫోన్ నాకు దొరికింది" అంది. నేను గాల్లో తేలాను. పైగా "ఇకనుంచి నువ్వు గంటగంటకూ కూలర్‌ను తడిమి చూడనక్కర్లేదక్కా, అది ఆగితే మాకే ముందు తెలుస్తుంది, మేమే ఫోన్ చేస్తాం" అని అభయమిచ్చాను. ఆమె నమ్మింది. చదువుకున్న పిల్ల చెబితే నమ్మదూ మరి.

పది రోజులకు ఆ పొద్దు వచ్చింది. ఆ ఊళ్ళో ఓల్టేజి పడిపోయి కూలర్ ఆగింది. కంప్యూటర్‌కు బ్యాటరీ ఉంది కనుక అది ఆ సంగతి పసిగట్టింది, "కూలర్ వేడెక్కుతోంది" అని కబురు రాసింది కూడా. రాసి మూటలో వేసింది. కానీ అప్పటికి రైతులంతా పాలు పోసి వెళ్ళిపోయారు. కొత్త కబుర్లు లేవు. మూట నిండలేదు. నిండకపోతే కదలొద్దని రాసింది నేనే కదా! బాలమణి కేంద్రానికి తాళం వేసి, మమ్మల్ని నమ్ముకుని, కలుపు తీయడానికి పోయింది. మధ్యాహ్నం ట్యాంకర్ వచ్చి మూత తీసేసరికి ఊరందరి పాలూ విరిగి ఉన్నాయి. ఆలస్యం అమృతం విషం అని చిన్నప్పుడు పలక మీద ఎన్నిసార్లు దిద్దానో!

నాకు ఏడుపొచ్చింది పాల కోసం కాదు. ఆ పెద్దమనిషి మరునాడే నాగర్‌కర్నూల్ వెళ్ళి, ఆడదాని చేతిలో పెడితే ఇట్లాగే ఉంటుందని పాల కంపెనీ మేనేజరుకు నూరిపోశాడట. కేంద్రం ఆమె దగ్గర్నుంచి తీసేసి అతనికి ఇవ్వడం దాదాపు ఖాయమైంది. సార్‌కు చెప్పాను, నా కోడ్ చూపించాను. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. చెప్పులేసుకుని "పా" అన్నారు.

నాగర్‌కర్నూల్‌లో మేనేజరు మమ్మల్ని కూర్చోమని కూడా అనలేదు. సార్ నిలబడే చెప్పారు. "తప్పు మా కోడ్‌ది సార్. కూలర్ సంగతి మేం చూసుకుంటమని ఆమెకు మాటిచ్చినం, చూడలె. బాలమణి చేసిన తప్పల్లా మమ్మల్ని నమ్ముడే." మేనేజరు ముఖం చిట్లించి "ఇది ఒప్పుకుంటే కొత్త సెంటర్ల పని మీకు రాదు, తెలుసు కద?" అన్నాడు. "తెలుసు" అన్నారు సార్. నిజంగానే ఆ పని మాకు రాలేదు. ఆ తర్వాత ఆయన ఒక్కనాడూ ఆ ఊసు నా ముందు ఎత్తలేదు. మేనేజరు మాత్రం చివరికి మెత్తబడి, రైతులు మళ్ళీ ఆమెకే పాలు పోస్తే కేంద్రం కదిలించనన్నాడు.

అట్లా ఆ సాయంత్రం పాల వేళకు మేమిద్దరం ఆ ఊళ్ళో బస్సు దిగాం. షెడ్డు ముందు క్యాన్లు పట్టుకుని జనం నిలబడి ఉన్నారు కానీ ఎవరూ లోపలికి పోవడం లేదు. షెడ్డు ఎంత కడిగినా విరిగిన పాల వాసన పోలేదు. బాలమణి గడపలో నిలబడి నా వైపు చూసింది, పలకరించలేదు. సార్ నాతో మెల్లగా "నువ్వే చెప్పాలె. నేను చెప్తే పెద్దోడు చిన్నదాన్ని ఎనకేసుకొచ్చిండంటరు" అన్నారు. తల వంచుకునే చెప్పాను. తప్పు బాలమణక్కది కాదు, నాది అని.

ముందు వరసలో ఒక తాత క్యాను కిందపెట్టి, "ఏమమ్మా, గా డబ్బకు కూలర్ బందైనట్టు తెల్వదా?" అన్నాడు.

"తెలిసింది తాతా. అది చెప్దామనే చూసింది. నేనే చెప్పనియ్యలె."

తాత నన్ను ఎగాదిగా చూసి, క్యాను ఎత్తుకుని, "సరె, పోస్త గని, ఈపారి దానికి చెప్పు, నోరు మూసుకొని కూసోవద్దని" అంటూ లోపలికి నడిచాడు. అతని వెనక ఒకామె, ఆమె వెనక ఇంకొకరు. నేను నిలబడిన చోటే వెక్కి వెక్కి ఏడ్చాను. పాలు పోయించుకోవడం అయ్యాక బాలమణి నా చేతికి గ్లాసు ఇచ్చింది. "డికాషనే, తాగు. పాలు పోద్దామంటే భయమైతుంది, నువ్వొచ్చినవ్ కద!" అంది. ఏడుస్తూనే నవ్వేశాను. కేంద్రం ఆమెకే ఉండిపోయింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని సార్ మిగతా సగం చెప్పారు. "ఆనాడు సగంల లేచి ఉరికినవ్. నేను చెప్పబోయింది గిది. మూటల పెండ్లి చీర ఉండొద్దు. పెండ్లి చీర మగ్గం దిగిందంటే మూట నిండినా నిండకున్నా, మూటోడు దాన్ని చేత పట్టుకొని బస్సెక్కాలె. ఒకపారి మా నాయన వంతు. మూట నిండలేదని రెండు దినాలు ఆగిండు. పెండ్లి చీర అండ్లనే ఉండిపాయె. పిల్ల ఎవరిదో చీర అడుక్కొని కట్టుకొని పీటల మీద కూసుందంట. నాయన సచ్చేదాక గా మాట మర్వలె." జేబులోని సుద్దముక్కను తడుముకుంటూ, "నిన్ను కూసోబెట్టి పూరా చెప్పకపోవుడు నా తప్పు. సాకు" అన్నారు. మరునాడు కోడ్‌లో రెండు దార్లు పెట్టాను, ఒకటి మూటకు, ఒకటి చేతికి.

ఇప్పుడు నేను హైదరాబాదులో పెద్ద కంపెనీకి డేటాబేస్ డ్రైవర్లే రాస్తున్నాను. నా కింద పనిచేసేవాళ్ళలో తెలుగు రానివాళ్ళు కూడా ఉన్నారు. అయినా టెలిమెట్రీ కోడ్ ఎవరు తెచ్చినా నేను అడిగే మొదటి ప్రశ్న "పెళ్ళి చీర ఏది?" అని వాళ్ళకు తెలుసు. మొన్న పాలు విరిగినప్పుడు నేను చూస్తున్నది కూడా కొత్తగా చేరిన కావ్య రాసిన అలాంటి కోడే. అన్నీ మూటలో వేసింది. పాపం, నా లాంటిదే.

హైదరాబాదు వచ్చేశాక సార్ నాకు మెయిళ్ళు రాసేవారు. నెలకోసారి కాదు, వారానికోసారి కాదు. మూడు నాలుగు నెలల కబుర్లన్నీ పోగేసి, పైన "మూట" అని పేరు పెట్టి, ఒక్కసారే పంపేవారు. వానలు, మగ్గాలు, మోకాళ్ళ నొప్పి, బాలమణి కేంద్రంలో పెట్టిన రెండో కూలర్, అన్నీ ఉండేవి. ఒక ఉదయం ఆయన దగ్గర్నుంచి పేరు లేని మెయిల్ వచ్చింది. ఒకటే ముక్క. "సుజాతమ్మా, జర వచ్చిపో." అది మూట కాదు. ఉన్నపళంగా లేచి, కట్టుకున్న చీరతోనే బస్సెక్కాను. కొత్తకోట దాటేదాకా గోళ్ళు కొరుక్కుంటూనే ఉన్నాను.

గద్వాలలోని పాత ఇంట్లో ఆయన మంచంలో ఉన్నారు. ఇంకా బక్కచిక్కిపోయారు. గొంతు పీలగా వస్తోంది. నన్ను చూసి "బేగ వచ్చినవ్" అన్నారు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆయన మెల్లగా మొదలుపెట్టారు. మగ్గం, వాడ, వాళ్ళ నాయన, ఆ పెండ్లి చీర. నేను విన్న కథే. మధ్య మధ్య ఆగిపోతున్నారు, మాట కోసం వెతుక్కుంటున్నారు. నా సంచిలో ఆఫీసు ఫోను మోగుతూనే ఉంది. ఆ మాట నాకు తెలుసు, అందించగలను. అందించలేదు. పొద్దు వాలి, ఎండ మంచం కోడు మీది నుంచి గోడ మీదికి పోయేదాకా ఆయన చెప్పారు. చివరికి కళ్ళు మూసుకుని, నా చెయ్యి మీద చెయ్యి వేసి, "సాకు" అన్నారు.

అప్పుడు లేచాను.