గుమ్మం పక్కన తీర్థపు గిన్నె

మా తాతగారి వైభవంలో మాకు మిగిలింది ఒక్క పింగాణీ గిన్నె. అరచేతంత ఉంటుంది. వెనక చిన్న సిలువ, దాని కింద దొప్పలాంటి గుంట. గోడకు మేకు కొట్టి తగిలించుకునే వస్తువు. తాతగారు యానాంలో పరాసువారి, అంటే ఫ్రెంచి దొరల, దగ్గర దుబాసీగా ఉన్న రోజుల్లో ఓడ మీద వచ్చిందట. అప్పట్లో మా గుమ్మం ముందు పల్లకీ ఉండేది. నేతపెద్దలు అరుగుల మీద కూర్చుని ఆయన దర్శనం కోసం ఎదురుచూసేవారు. సీమగుడ్డ దిగి మన మగ్గాలు మూలపడ్డాక బట్టల వర్తకం పోయింది, పల్లకీ పోయింది, యానాం మేడ పోయింది. మా నాన్నగారు రామచంద్రపురం వైపు కాలవగట్టునున్న ఒక ఊళ్ళో పెంకుటింటికి చేరారు. చేరిన రోజునే వీధి గుమ్మానికి కుడివైపు మేకు కొట్టి గిన్నెను తన చేత్తో తగిలించారు. ఎంత చితికినా ఆయన పైపంచె లేకుండా వీధిలోకి వెళ్ళలేదు, పిలవని అరుగు ఎక్కలేదు. నేనూ అలాగే పెరిగాను. అందుకు నాకు చింత లేదు.

ఆ గిన్నెలో ఉండేవి కాలవనీళ్ళే. మూడు నాలుగు నెలలకోసారి పడవ మీద వచ్చే మా మతగురువు, పరాసు స్వామివారు, వాటిని మంత్రించి ఇచ్చేవారు. బయటికి వెళ్ళేటప్పుడూ లోపలికి వచ్చేటప్పుడూ వేలు తడిపి, సిలువ గుర్తు వేసుకునేవాళ్ళం. పసితనంలో మాకు ఇచ్చిన జ్ఞానస్నానాన్ని గుర్తు చేసుకోవడం, అంతకు మించి అందులో ఏమీ లేదు. ఊరు మాత్రం ఆ నీళ్ళలో చాలా చూసింది. అవి దొరల దేశపు సముద్రం నుంచి వస్తాయనీ, చుక్క మీద పడితే కులం పోతుందనీ అనుకునేవారు. ఒకసారి మా చెల్లెలు చెయ్యి విదిలిస్తే కరణంగారి బంట్రోతు మీద ఒక చుక్క పడింది. అతను తెచ్చిన కాగితాన్ని అరుగు మీద పడేసి, బట్టలతోనే కాలవలో దూకాడు. మేము పిల్లలం చాలా రోజులు నవ్వుకున్నాం. నాన్నగారు నవ్వలేదు.

హిందువులకు మా మరియమ్మగారు ఊరి అమ్మవారికి చెల్లెలు. ఊళ్ళో పిల్లలకు అమ్మవారు పోసిన ఏడాది ఎవరో మా గుమ్మానికి ఒక కోడిని కట్టి వెళ్ళారు. అమ్మ దాన్ని విప్పి, గుప్పెడు నూకలు వేసి, కట్టినవాళ్ళెవరో కనుక్కుని అప్పగించింది. “మా తల్లి కోడి అడగదమ్మా. తన కొడుకు మాట వినమంటుంది, అంతే” అని చెప్పింది. ప్రొటెస్టెంటు మిషను బడి పంతులుగారిది మరో బాధ. మర్యాదస్తుడే గాని, మా ఇంటి ముందు నిలబడితే ఏదో ఒక మాట అనకుండా వెళ్ళలేకపోయేవాడు. “బొమ్మకి దీపం పెడతారు, మొక్కుతారు. ఊళ్ళోవాళ్ళకీ మీకూ తేడా ఏంటండీ?” అన్నాడొకసారి.

“మీ బడిలో రాణిగారి పటం ఉంది. పొద్దున్నే పిల్లలచేత దానికి దణ్ణం పెట్టిస్తున్నారు. ఆ కాగితం మీ రాణా పంతులుగారూ?” అన్నారు నాన్నగారు. పంతులుగారు గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు.

ఇలాంటివి మేము నెగ్గిన వాదాలు. ఓడిపోయినదాని గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా పెరటికీ, వెనకనున్న కోమటిగారి పెరటికీ మధ్య ఒక దడి ఉండేది. దడిలో మనిషి పట్టే సందు ఒకటి. కోమటిగారి భార్యా, మా అమ్మా ఆ సందులోనే స్నేహం పెంచుకున్నారు. ఒకరినొకరు వదినగారూ అని పిలుచుకునేవారు. ఇచ్చిపుచ్చుకునేవన్నీ పొడివస్తువులే. మామిడికాయలు, కరివేపాకు, చింతపండు, అల్లిన మల్లెమొగ్గలు. మా ఇంట మంచినీళ్ళు ముట్టకూడదని ఆవిడకి కట్టుబాటు. ముట్టమని అమ్మ ఎన్నడూ అడగలేదు. వేసవి మధ్యాహ్నాల్లో ఆవిడ దాహంతో లేచి వెళ్ళి, తన ఇంట్లో నీళ్ళు తాగి, మళ్ళీ వచ్చి కూర్చునేది. “మీ కబుర్లకి గొంతెండుతుంది వదినగారూ, నా కాళ్ళు అరుగుతున్నాయి” అనేది. ఇద్దరూ నవ్వుకునేవారు.

మా మతంలో ఒక నియమముంది. పసిబిడ్డ చావుబతుకుల్లో ఉండి, స్వామివారు అందుబాటులో లేకపోతే, ఎవరైనా సరే నుదుట నీళ్ళు పోసి, చెప్పవలసిన మాట చెప్పి జ్ఞానస్నానం ఇవ్వవచ్చు. వాంతుల జాడ్యం తగిలిన రోజుల్లో పడవవాళ్ళ పేటలో అమ్మ అలా కొందరు బిడ్డలకు ఇచ్చింది, తల్లిదండ్రులు అడిగితేనే. అందులో ఒక పిల్ల బతికి లేచింది. మిగిలినవాళ్ళు పోయారు. ప్రాణం పోతున్నవాళ్ళకే ఇస్తారు గనక పోవడం వింత కాదు. కాని ఊళ్ళో రెండు మాటలు పుట్టాయి. ఆ నీళ్ళు బతికిస్తాయని కొందరు, చంపుతాయని కొందరు.

నాకు పెళ్ళయిన మరుసటి ఏడు కోమటిగారి బిడ్డకు జ్వరం, విరేచనాలు పట్టుకున్నాయి. ముగ్గురు ఆడపిల్లల తరవాత పుట్టిన మగబిడ్డ. ఇంకా పళ్ళు రాలేదు. రామచంద్రపురం వైద్యుడు వచ్చి వెళ్ళాడు. మధ్యాహ్నం వేళ ఆవిడ బిడ్డని భుజాన వేసుకుని దడిసందులోంచి వచ్చింది. నేను వసారాలో ఉన్నాను. అన్నేళ్ళ స్నేహంలో మా ఇంట చుక్క నీరు ముట్టని మనిషి నీళ్ళే అడిగింది.

“వదినగారూ, అది మందు కాదండి. నా బిడ్డకైనా అది జ్వరం దించదు” అంది అమ్మ.

“మందులన్నీ అయిపోయాయి వదినగారూ.”

అమ్మ గుమ్మం దగ్గరికి వెళ్ళి గిన్నెను మేకు మీద నుంచి తీసి తెచ్చింది. “మీ చేత్తోనే తీసుకోండి” అని ముందుకు చాపింది. ఆవిడ వేలు ముంచి బిడ్డ పెదవులు తడిపింది, నుదురు తడిపింది. అమ్మ గిన్నె పట్టుకుని నిలబడింది. ఆమె పెదవులు కదులుతున్నాయి. అది నేనూ చూశాను.

పొద్దు వాలకముందే బిడ్డ పోయాడు.

పసివాడు గనక కాలవగట్టున తుమ్మచెట్ల కింద పాతిపెట్టారు. మరునాడు కోమటిగారి తల్లి అరుగు మీద నిలబడి వీధికంతా చెప్పింది. నమ్మి వెళితే పిల్లవాణ్ణి తమలో కలిపేసుకున్నారని, మంత్రం వేయడం కోడలు కళ్ళారా చూసిందని, దొరస్వామి దగ్గరికి ఒక్కో బిడ్డ పేరూ పంపుతారని. సాయంత్రానికి దడిసందులో ముళ్ళకంప పడింది.

తను బిడ్డకి జ్ఞానస్నానం ఇవ్వలేదని, ఆ ఒక్కమాట చెప్పి వస్తానని అమ్మ అడిగింది. నాన్నగారు ఒప్పుకోలేదు. “వాళ్ళ గడప దగ్గర నిలబడి మేము చంపలేదండీ అని చెప్పుకుంటావా? ఈ ఇంట్లో ఎవరూ ఎవరికీ అలా చెప్పుకోలేదు” అన్నారు. అమ్మ మళ్ళీ అడగలేదు. నాన్నగారిది తప్పని నేను ఈరోజుకీ అనలేను. ఆ మాట అమ్మను లోపల ఎంత తిన్నదో మాత్రం దగ్గరుండి చూశాను.

స్వామివారు పడవ దిగేసరికి కబురు ఆయనకూ చేరింది. మా వసారాలోనే కూర్చుని అమ్మని అడిగారు. ఆయనకు తెలుగు బాగానే పట్టుబడింది.

“నీ చేతిలో నీళ్ళున్నాయి. ప్రాణం పోతోందని తెలుసు. ఎందుకు ఇవ్వలేదమ్మా?”

“ఆవిడ నన్ను నమ్మి నీళ్ళు అడిగింది స్వామీ. బిడ్డని నాకు ఇవ్వలేదు. చెప్పకుండా ఎలా తీసుకోను?”

“పెదవులు కదిలాయంటున్నారు.”

“మరియమ్మగారికి మంగళవార్త జపం చెప్పుకున్నాను. బతకాలని.”

స్వామివారు మందలించలేదు. జ్ఞానస్నానం లేకుండా పోయిన పసివాళ్ళకు మోక్షం దక్కదని పెద్దలు చెబుతారనీ, అయినా వాళ్ళకి బాధ ఉండదనీ, దేవుడి దయ మన లెక్కకు అందేది కాదనీ మెల్లిగా చెప్పి లేచారు. ఆ మాటల్లో అమ్మ చెవిన పడింది మొదటిదొక్కటే. చేసిందని ఊరు అన్న పని ఆమె చేయలేదు. చేయనందుకే కుమిలిపోయింది. రెండు వైపులా తనే తప్పు.

కార్తీకమాసం ప్రాంతంలో మాకు ఆత్మల పండుగ వస్తుంది. ఆ సాయంత్రం మా శ్మశానంలో సమాధులకు సున్నం కొట్టి, మైనపువత్తులు వెలిగిస్తాం. మేము దయ్యాల్ని పిలుస్తామని ఊరు ఆ వీధి తొక్కేది కాదు. చచ్చినవాళ్ళకి ప్రార్థన ఎందుకని పంతులుగారు ఎగతాళి చేసేవాడు. పోయినవాళ్ళు ఉత్తరించు స్థలంలో శుద్ధి పొందుతుంటారనీ, వాళ్ళ కోసం దేవుణ్ణి అడుక్కోవడం బతికున్నవాళ్ళ పని అనీ మా నమ్మకం. అమ్మ తాతగారికి వెలిగించేది, నానమ్మకి వెలిగించేది. ఆ తరవాత ఒక వత్తి తీసుకుని కాలవ వైపు ప్రహరీగోడ చివరికి వెళ్ళేది. అక్కడ సమాధి లేదు. గోడ అవతల తుమ్మచెట్లు. గోడ మీద మైనం కరిగించి, వత్తి నిలబెట్టి, గాలికి ఆరిపోతే మళ్ళీ వెలిగించేది. స్వామివారు ఒక ఏడు చూశారు, ఏమీ అనకుండా దాటిపోయారు.

అమ్మ పోయినప్పుడు ఆమె శవపెట్టె కోమటిగారి వీధిలోంచే వెళ్ళింది. మేము వస్తుంటే వాళ్ళ దుకాణం తలుపు పలకలు ఒక్కొక్కటే వేశారు. నేను తల తిప్పలేదు.

నాన్నగారూ వెళ్ళిపోయారు. గోడ చివరి వత్తి నా చేతికి వచ్చింది. ఒక ఏడు అది నిలబెట్టి తిరిగేసరికి శ్మశానం వాకిట్లో ఒక ముసలావిడ కర్ర మీద ఆనుకుని నిలబడి ఉంది. కోమటిగారి భార్య. ఊరివాళ్ళెవరూ తొక్కని రోజున ఒక్కతే వచ్చింది. లోపలికి రమ్మన్నాను. రాలేదు.

“నాయనా, ఒక్కమాట అడగడానికి వచ్చాను. ఆవేళ మీ అమ్మ మావాడికి మీ మతం పేరు పెట్టిందా?”

కోపంతో అడుగుతోందనుకున్నాను. నేను మాట్లాడేలోపు ఆవిడే చెప్పింది.

“మాలో పళ్ళు రాని బిడ్డకి కర్మ లేదు, తద్దినం లేదు. మా అత్తగారికి పిండం పెడతారు, మా ఆయనకి పెడతారు. వాడి పేరు ఎవరూ తలవరు. ఏటేటా మీ దీపాలు మా మేడ మీంచి చూస్తున్నాను. వదిన వాడికి పేరు పెట్టి ఉంటే, ఆ దీపాల్లో వాడికీ ఒకటి ఉంటుంది కదా అని.”

ఔనంటే సరిపోయేది. కాని అబద్ధం చెప్పి ఒకరిని ఓదార్చడం మా ఇంట్లో లేదు.

“లేదండి అత్తయ్యగారూ. పెట్టలేదు.”

ఆవిడ మొహం వాలిపోయింది. “పెదవులు కదిలాయి నాయనా. నేను చూశాను.”

“వాడు బతకాలని అడుగుతోందండి.”

“నేను అడిగిందీ అదే కదా” అంది. మళ్ళీ తనే, “ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదే” అంది.

చెప్పనివ్వలేదని నేను అనలేదు. పోయిన నాన్నగారి మాటని వాకిట్లో నిలబెట్టి తీర్పు చెప్పడం నా వల్ల కాదు. గోడ చివరకి వేలు చూపించాను. సమాధి లేనిచోట వెలుగుతున్న వత్తి ఎవరిదో, అమ్మ అక్కడ ఎప్పటి నుంచి పెట్టిందో చెప్పాను. ఆవిడ వినడం అయ్యాక చెప్పులు విడిచింది. సమాధుల మధ్య నుంచి కర్ర ఆనుకుంటూ అక్కడిదాకా నడిచింది. కాలవ మీంచి గాలి కొడుతోంది. కర్రను గోడకు చేరవేసి, రెండు చేతులూ వత్తికి అడ్డం పెట్టింది. వత్తి పూర్తిగా కాలిపోయేదాకా చేతులు తీయలేదు. నేను దూరంగానే నిలబడ్డాను.